ఉప్పు కాపడం

జాలారిపేటలో ఎల్లాజీ నడిపే బాక్సింగు శాలకి మూడే గోడలు, నాలుగో వైపు సముద్రం. బోర్డు లేదు, తలుపూ లేదు. చట్టం మాత్రం ఒకటుంది: కొట్టిన చేత్తోనే కాపడం పెట్టాలి. సాధన ముగిశాక ఎవరి గుద్దు ఎవరికి గట్టిగా తగిలిందో వాళ్ళే ఒప్పుకుని, మూకుట్లో రాళ్ళ ఉప్పు వేయించి, పాత చీర ముక్కలో మూట కట్టాలి. ఆ మూటని ముందు తమ మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకోవాలి. చుర్రుమనకుండా వెచ్చగా ఉందనుకున్నాకే అవతలివాళ్ళ దవడ మీదో భుజం మీదో పెట్టాలి. పెట్టనని మొరాయించినవాళ్ళు ఎంత మొనగాళ్ళైనా సరే, మర్నాటి నుంచి ఇసకలో పరిగెత్తుకోవడమే తప్ప గ్లవ్స్ ముట్టుకోవడానికి లేదు.

ఈ చట్టం ఏ క్రీడా సంఘమూ రాసింది కాదు. వెనకటికి వలల దగ్గర తగువులొచ్చి పడవలవాళ్ళు తన్నుకుంటే, ఎల్లాజీ తాత ఇద్దరినీ ఒకే చాప మీద కూచోబెట్టి ఈ పని చేయించేవాడట. తెల్లారితే అందరూ ఒకే నీళ్ళలోకి దిగాలి కదా మరి. మనవడు పోర్టులో ఉద్యోగం చేస్తూ బాక్సింగులో రెండు జాతీయ పతకాలు తెచ్చుకుని, రిటైరయ్యాక శాల పెట్టి, తాత చట్టాన్ని అందులోకి తెచ్చుకున్నాడు.

ఆ శాలలో పుట్టి పెరిగినంత పని చేసింది అతని మేనకోడలు సూరాడ నూకరత్నం. ఇరవై రెండేళ్ళు. మనిషి సన్నం, కాళ్ళు మహా చురుకు. గెలిచిన ప్రతిసారీ పతకం మెళ్ళో పడకముందే అవతలి పిల్లని వెతుక్కుంటూ ఉప్పుమూటతో బయల్దేరేది. ఢిల్లీలో ఒకసారి హోటలువాళ్ళు ఉప్పు వేయించడానికి పొయ్యి ఇవ్వలేదని ఇస్త్రీపెట్టె తిరగేసి దానిమీద వేయించిందంటే ఆ పిల్ల మొండితనం ఎలాంటిదో తెలుసుకోవచ్చు.

ఏడాదిన్నర కిందట ఆమె తండ్రి తాతారావు, మరో ముప్పై ఏడుగురు ఐదు పడవల్లో వేటకి వెళ్ళి, గాలికి దారి తప్పి మెరావు దీవుల గస్తీవాళ్ళ చేతికి చిక్కారు. అప్పట్నుంచీ అక్కడి జైల్లో ఉన్నారు. నూకరత్నం తల్లి పోలమ్మ, అంటే ఎల్లాజీ అక్క, ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ప్రతి చోటా కుర్చీ వేసి కూచోబెట్టేవారు, మంచినీళ్ళిచ్చేవారు, మాట్లాడుతున్నామని చెప్పి పంపేసేవారు.

చివరికి రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకోవడానికి ఒక వంక దొరికింది. మెరావులో బాక్సింగంటే ప్రాణం పెడతారు. మన విశాఖలోనూ తక్కువేం కాదు. కాబట్టి ముందు ఆటలు, ఆ తర్వాత సముద్రం గురించి సంతకాలు, సంతకాల రోజునే ఖైదీల విడుదల. దీనికి మైత్రీ పోటీలని పేరు పెట్టి, నడిపించే బాధ్యత ధనుంజయరావు అనే కార్యదర్శికి అప్పగించారు. ఇస్త్రీ నలగని చొక్కా, ఎవరు తిట్టినా చెదరని నవ్వు ఆయన సొత్తు.

ఆ పోటీలకి ప్రాణం డాక్టర్ కాత్యాయని కనిపెట్టిన జంటపట్టీ.

దాన్ని చూపించడానికి ఆవిడ ఒక ఉదయం స్వయంగా శాలకి వచ్చింది. నరాల జబ్బుల మీద పనిచేసే మనిషి, మాట నెమ్మది. ఎల్లాజీ మెడకి ఒక పట్టీ, నూకరత్నం మెడకి ఒకటీ చుట్టి, మేనకోడలి చెవి మెలిపెట్టమంది. ఎల్లాజీ అదేం పనని నవ్వుతూ మెలిపెట్టాడు. మరుక్షణం తన చెవే భగ్గుమని, వేళ్ళు వాటంతటవే వదిలేశాయి. నూకరత్నం పడీపడీ నవ్వి, సిన్నప్పట్నుంచీ నువ్వు మెలిపెట్టిన సెవులకి ఇప్పుడు తెలిసొచ్చిందా మావా అంది.

దెబ్బ తిన్నవాళ్ళ నొప్పిలో పావు వంతు కొట్టినవాళ్ళకి చేరుతుందన్నమాట. నొప్పి ఒక గీత దాటితే బోర్డు మీద ఎర్రదీపం వెలిగి, గంట మోగి, ఆట ఆగిపోతుంది. కొట్టింది గెలిచినట్టే, కానీ ఎంత గట్టిగా కొట్టిందో ఆమె ఒంటికే తెలుస్తుంది. కాత్యాయని వెళ్ళబోతూ మూల ఉన్న మూకుడు చూసి ఇదేమిటని అడిగింది. ఎల్లాజీ చెప్పాడు. నాకు పదకొండేళ్ళు పట్టిన పనిని మీరు మూకుడుతో చేస్తున్నారండీ అందావిడ.

ఇక్కడే పెద్దవాళ్ళు ఒక తెలివైన పని చేశారు. మన రిఫరీ అంటే వాళ్ళు నమ్మరు, వాళ్ళ రిఫరీ అంటే మనం నమ్మం. మూడో దేశంవాణ్ణి పెడదామంటే ఏ దేశమన్న దానిమీద నెల్లాళ్ళు వాదించుకున్నారు. చివరికి మనిషి కంటికి పక్షపాతం ఉంటుంది గానీ పట్టీకి ఉండదని తేల్చి, ఆట ఆపే హక్కు రిఫరీ నుంచి తీసేశారు. బరిలో అతను ఉంటాడు, పెనుగులాడేవాళ్ళని విడదీస్తాడు, అంతే. ఆపేది పట్టీయే. మూల నుంచి శిక్షకుడు తువ్వాలు విసిరి ఆట వదులుకునే పాత పద్ధతి మాత్రం కొట్టెయ్యడం ఎవరికీ తోచక అలాగే ఉండిపోయింది.

పోటీకి మూడు వారాల ముందు మెరావు అమ్మాయిలు విశాఖ వచ్చారు. నూకరత్నానికి జోడీ పడింది సువానీ. గట్టి భుజాలు, చిన్న కళ్ళు, గుద్దితే సంచీలో ఇసక కదిలిపోయేది. వాళ్ళ భాష మనకి రాదు, మనది వాళ్ళకి రాదు. మధ్యలో విమల అనే దుబాసీని పెట్టారు. అయినా ఆ పిల్లలిద్దరికీ రెండో రోజుకే దుబాసీ అవసరం లేకుండా పోయింది. నూకరత్నం ఉప్పు వేయించడం నేర్పితే సువానీ పట్టుగా నేర్చుకుంది. మణికట్టు మీద ఆనించి, కళ్ళు మూసుకుని, బాగుందని తలూపి, అప్పుడు పెట్టేది. కొట్టిన చెయ్యి అనే మాట పలకడం వచ్చింది. నూకరత్నాన్ని చూసి తనూ ఎల్లాజీని మావా అని పిలవడం మొదలుపెట్టింది. ఎల్లాజీ పైకి విసుక్కున్నా లోపల మురిసిపోయాడు.

చిక్కల్లా ఒకటే. నూకరత్నం ఒళ్ళు మరీ సున్నితం. పిరికిది కాదు, దాని నరాల తీరే అంత. సువానీ గుద్దు నిండుగా ఒకటి తగిలితే చాలు, ఎర్రదీపం వెలిగేది. సాధనలో ఐదుసార్లు పట్టీలు కట్టుకుంటే ఐదుసార్లూ మొదటి రౌండులోనే గంట మోగింది. ఐదుసార్లూ సువానీ తన దవడ తనే పట్టుకుని, పరిగెత్తుకొచ్చి, సారీ సారీ అంటూ మూకుడు వెతుక్కుంది.

ఆ వారమే ధనుంజయరావు ఎల్లాజీని, కాత్యాయనిని ప్రయోగశాలకి పిలిపించాడు. స్నేహం కావాలి గానీ ఓడిపోయిన స్నేహం వద్దని పైవాళ్ళ ఉద్దేశం అని ఎంతో మర్యాదగా చెప్పాడు. నరాల్లో నొప్పి మోసే దారిని రెండు నెలలపాటు మూసేసే మందు డాక్టరుగారి దగ్గర ఉందని ఆయనకి తెలుసు. అది వేస్తే పట్టీకి చదవడానికి ఏమీ ఉండదు. దీపం వెలగదు, గంట మోగదు, అమ్మాయి మూడు రౌండ్లూ నిలబడుతుంది. అవతలివాళ్ళు తమ అమ్మాయిలకి ఎప్పుడో వేశారని మనకి సమాచారం ఉందన్నాడు. ఎల్లాజీకి నమ్మకం కలగలేదు. సువానీ దవడ పట్టుకోవడం అతను కళ్ళారా చూశాడు. అదే అడిగితే, అది నటన కావచ్చు కదా అన్నాడు ధనుంజయరావు. ఆ పైన, ముప్పై ఎనిమిది మందీ ఓడెక్కేశారనీ, పోటీ రోజుకి ఓడ మన రేవు బయట లంగరేస్తుందనీ, అన్నీ సవ్యంగా జరిగితే ఆ సాయంత్రమే దింపుతారనీ చెప్పాడు. సవ్యంగా అన్న మాట దగ్గర కాస్త ఆగి మరీ చెప్పాడు.

కాత్యాయని ఒప్పుకోలేదు. గట్టిగానే వాదించింది. నొప్పి లేకపోవడం అంటే దెబ్బ తగలకపోవడం కాదంది. వెయ్యక తప్పదంటే రిఫరీ హక్కు రిఫరీకి తిరిగి ఇవ్వమంది. రెండు ప్రభుత్వాలు సంతకం పెట్టిన నియమాన్ని ఏ కారణం చూపించి మార్చమంటారని ఆయన అడిగాడు. ఆవిడ బీరువా తెరిచి మందు సీసా తీసింది. ఆ పట్టీ పదకొండేళ్ళ కష్టం. పోటీలు ఆగిపోతే పట్టీ కూడా పెట్టెలోకి పోతుంది.

నూకరత్నాన్ని పిలిపించి అడిగారు. నాన్నొచ్చేత్తాడా అని ఒక్క మాట అడిగింది. వస్తాడన్నారు. తల వంచి మెడ చూపించింది. సూది పొడవగానే ఉలిక్కిపడకుండా చెయ్యి గట్టిగా పట్టుకుంది ఎల్లాజీయే. ఆమె నొప్పికి వేళ్ళు బిగించడం, ఆ బిగువు నెమ్మదిగా సడలిపోవడం అతనికి తెలిసింది.

బయటికొచ్చాక కాత్యాయని అతన్ని పక్కకి పిలిచింది. బోర్డు చూడకండి, ఆ అమ్మాయి మొహం చూడండి, ముఖ్యంగా కంటిపాపలు చూడండి, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే ఇంకేం ఆలోచించకుండా తువ్వాలు విసిరెయ్యండి అని చెప్పింది. ఎల్లాజీ రెండుసార్లు ఆ మాట మళ్ళీ చెప్పించుకుని గుర్తుపెట్టుకున్నాడు.

ఆ తర్వాత సాధనలో నూకరత్నాన్ని చూసి అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. సువానీ ఎంత కొట్టినా బోర్డు పచ్చగానే ఉండేది. సువానీ మొదట్లో తెల్లబోయింది, తర్వాత సంబరపడింది. ఇన్నాళ్ళూ చెయ్యి అట్టేపెట్టి కొట్టేదాన్ని, ఇప్పుడు నిండుగా ఆడొచ్చని విమలతో చెప్పించింది. తన ఒంటికి ఏమీ తెలియడం లేదంటే నేస్తం ఒళ్ళు గట్టిపడిందని ఆ పిల్ల అనుకుంది. పట్టీ కట్టుకున్న నాటి నుంచీ వాళ్ళకి అవతలి మనిషి మొహం చూసే అలవాటే పోయింది. చూడనక్కర్లేదని నేర్పారు కదా.

ఇంటి దగ్గర సంగతి వేరు. పోలమ్మకి మోకాలి నొప్పి, కూతురు రోజూ కాపడం పెట్టేది. ఒక మధ్యాహ్నం నూకరత్నం మూట మణికట్టుకి ఆనించుకుని, ఇంకా వేడెక్కలేదనుకుని మళ్ళీ మూకుట్లో పెట్టింది. మళ్ళీ చూసింది, మళ్ళీ పెట్టింది. మూడోసారి తీసుకెళ్ళి తల్లి మోకాలి మీద ఒత్తేసరికి పోలమ్మ కెవ్వుమంది. చర్మం మూటకి అంటుకుని వచ్చేసింది. అదే వేళకి వచ్చిన ఎల్లాజీ వాకిట్లోనే నిలబడిపోయాడు. నూకరత్నం తన మణికట్టు తిప్పి చూసుకుంది. అక్కడా బొబ్బ లేచి ఉంది. ఎప్పుడు లేచిందో దానికి తెలియదు.

తల్లికి వెన్న రాసి పడుకోబెట్టి, మావ దగ్గరికొచ్చి మెట్టు మీద కూచుంది.

"నాను కొడితే ఆ సువానీ గుంటకెంత తగిలిందో నాకెలా తెలుత్తది మావా?"

"రెండు నెల్లే కదే. ఆ తరవాత అంతా మామూలే."

"ఈలోగానే గదా ఆట. సిన్నగా కొట్టాననుకుని దాని ముక్కు పగలగొట్టెత్తే?"

దానికీ మందేశారంట లే అని ఎల్లాజీ అబద్ధమని తెలిసిన మాట చెప్పాడు. నూకరత్నం అతని వంక చూసి మణికట్టు మీది బొబ్బ తడుముకుంది. నమ్మలేదని అతనికి అర్థమైంది, అయినా అంతటితో లేచి వెళ్ళిపోయాడు.

పోటీ నాడు మిట్టమధ్యాహ్నానికే స్టేడియం నిండిపోయింది. పై వరసల్లో కూచున్నవాళ్ళకి రేవు బయట లంగరేసిన తెల్ల ఓడ కనిపిస్తోంది. పోలమ్మ కట్టు కట్టిన కాలితో అక్కడికే ఎక్కి కూచుంది. కింద రెండు దేశాల మంత్రులు, వాళ్ళ వెనక కెమెరాలు, ఎల్లాజీ నిలబడ్డ మూలకి సరిగ్గా వెనక కుర్చీలో ధనుంజయరావు. తువ్వాలు ఎల్లాజీ భుజం మీద ఉంది.

మొదటి రౌండు మొదట్లోనే నూకరత్నం ఎడమ చెయ్యి విసిరింది. మరీ గట్టిది కాదు, సువానీ చెంపకి తగిలింది. సువానీ మొహం చిట్లించింది. నూకరత్నం అది చూసింది. సూది పడకముందు తన ఒంట్లోకి చురుక్కున వచ్చి కొలత చెప్పే ఆ పావు వంతు రాలేదు. దెబ్బ ఎంతో దానికి తెలియలేదు. అక్కడి నుంచి ఆ పిల్ల గుద్దడం మానేసి తాకడం మొదలుపెట్టింది. తల్లి మోకాలు కళ్ళముందు ఆడుతుంటే దాని చెయ్యి ముందుకి సాగలేదని ఎల్లాజీకి తెలుసు. గట్టిగా కొట్టమని అరవబోయి మానుకున్నాడు.

సువానీ కొడుతూనే ఉంది. న్యాయంగా, చక్కగా, నేర్చుకున్న ఆటంతా చూపిస్తూ కొడుతోంది. ఒక్కొక్క దెబ్బ తర్వాత లిప్తపాటు ఆగి తన ఒంటిని అడుగుతోంది. ఒళ్ళు ఏమీ చెప్పడం లేదు. బోర్డు పచ్చగా ఉంది. జనం నూకరత్నం పేరు పెట్టి కేకలు వేస్తున్నారు, ఎన్ని తగిలినా చలించని మొండిపిల్లని. మన మంత్రిగారు అవతలి మంత్రిగారి చెవిలో ఏదో చెబితే ఇద్దరూ నవ్వుకున్నారు. రిఫరీ రెండుసార్లు నూకరత్నం మొహంలోకి వంగి చూసి, బోర్డు వైపు చూసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

రెండో రౌండు అయ్యాక నూకరత్నం మూలకి వచ్చి ముక్కాలిపీట మీద కూలబడింది. ఎల్లాజీ మొహం తుడుస్తూ గడ్డం పట్టుకుని పైకెత్తాడు. ఎడమ కంటిపాప పెద్దదై ఉంది. కుడిది మామూలుగానే ఉంది. తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఒద్దమ్మీ, చాలు. ఆపేత్తాను."

"నాకేటీ నొప్పి లేదు మావా." మాట ముద్దగా వచ్చింది. "ఒక్క రౌండే గదా. అదిగో, నాన్నొచ్చేశాడు."

వెనక కుర్చీ కిర్రుమంది. ధనుంజయరావు ముందుకి వంగి, ఎల్లాజీకి మాత్రమే వినబడేలా మాట్లాడాడు. బోర్డు పచ్చగా ఉండగా తువ్వాలు పడితే ఎందుకని అందరూ అడుగుతారు, రక్తం తీసి పరీక్ష చేస్తారు, సంతకాలుండవు, ఓడ వెనక్కి తిరుగుతుంది అన్నాడు. ఇంకా మూడు నిమిషాలే కదండీ అని కూడా అన్నాడు.

ఎల్లాజీ పైకి చూశాడు. పోలమ్మ ఇటు చూడటం లేదు, ఓడ వైపు చూస్తోంది. గంట మోగింది. నూకరత్నం లేచి నిలబడింది. తువ్వాలు ఎల్లాజీ చేతిలోనే ఉంది. ఆ మూడు నిమిషాలూ దాన్ని రెండు చేతులా మెలిపెడుతూ నిలబడ్డాడు. విసరలేదు.

మూడో రౌండులో నూకరత్నానికి తగిలిన దెబ్బలు లెక్క పెట్టినవాళ్ళున్నారు. మనకా లెక్క వద్దు. చివరి గంట దాకా నిలబడింది, అంతవరకూ నిజం. గెలుపు సువానీదన్నారు. నూకరత్నం తడబడుతూ వెళ్ళి సువానీ చెయ్యి తనే పైకెత్తింది. స్టేడియం స్టేడియమంతా లేచి నిలబడింది. సువానీ ఏడుస్తూ ఆమెని వాటేసుకుంది. నూకరత్నం ఆమె భుజం మీద తల వాల్చింది.

ఆ ఫొటో మర్నాడు ప్రపంచంలో ప్రతి పత్రికా వేసింది. ఇద్దరమ్మాయిలు, ఒకరి భుజం మీద ఒకరి తల, వెనక రెండు జెండాలు. ఇంతకన్నా క్రీడాస్ఫూర్తి ఏముంటుందని కింద రాశారు. ఆ ఫొటో తీసే వేళకే నూకరత్నానికి స్పృహ లేదని ఎవరికీ తెలియదు. సువానీ చేతులు వదిలేశాక గానీ తెలియలేదు.

కొండ మీద ఆసుపత్రిలో పడుకోబెట్టారు. తలలో రక్తం గడ్డకట్టిందని ఆపరేషన్ చేశారు. ఊపిరి యంత్రం పీలుస్తోంది, మిగతాది మన చేతుల్లో లేదన్నారు. కాత్యాయని రెండు రోజులూ వరండాలోనే ఉంది. మందు సంగతి డాక్టర్లకి చెప్పాలి కదా అని ఎల్లాజీ అడిగితే, రాసిచ్చాననీ, ఆ కాగితం ఇప్పుడు కేసు చీటీల కట్టలో లేదనీ నేల చూపులు చూస్తూ చెప్పింది. మళ్ళీ చెబుతారా అని అతను అడగలేదు.

సంతకాలు వాయిదా పడ్డాయి. మన అమ్మాయికి ఇలా అయితే మనవాళ్ళు కోపగిస్తారేమోనని మెరావువాళ్ళ భయం. ఓడ అక్కడే ఉంది. ఆసుపత్రి కిటికీలోంచి బాగా కనిపిస్తోంది. పోలమ్మ ఒకసారి కూతుర్ని చూస్తోంది, ఒకసారి ఓడని చూస్తోంది. ఆమెకి సూది సంగతి తెలియదు. ఆటలో దెబ్బ తగిలిందనే తెలుసు.

మూడో రోజు పొద్దున్న ధనుంజయరావు వచ్చాడు. సువానీ చూడ్డానికొస్తుంది, కెమెరాలవాళ్ళు ఇద్దరే ఉంటారు, కుటుంబం తరఫున మీరొక మంచి మాట అంటే చాలు, మధ్యాహ్నానికి సంతకాలు, సాయంత్రానికి తాతారావు ఇంట్లో ఉంటాడు అని చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ఇలాంటివాళ్ళకి అవి ఎక్కణ్ణుంచి వస్తాయో మరి.

సువానీ విమల చెయ్యి పట్టుకుని వచ్చింది. మూడు రోజుల్లో సగమైపోయింది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. మంచం పక్కకి వచ్చి మూత తీసింది. లోపల ఉప్పుమూట. హోటల్లో ఎలా వేయించుకుందో, ఎవర్ని బతిమాలుకుందో. మూట తీసి, మణికట్టు లోపలి వైపు ఆనించి, కళ్ళు మూసుకుంది. తర్వాత కళ్ళు తెరిచి ఎల్లాజీని చూసింది.

"మావా. కొట్టిన చెయ్యి... నాది."

ఆ పైన తన భాషలో ఏదో గబగబా చెప్పింది. విమల గొంతు సవరించుకుని తెలుగులో చెప్పింది. నాకు ఏమీ తెలియలేదు, పట్టీ ఏమీ చెప్పలేదు, నొప్పి లేదనుకున్నాను, నా ఒంట్లోనే ఏదో లోపం ఉండి ఉంటుంది, దాని నొప్పి నాకు వినబడలేదు అంటోందండీ అంది.

ఎల్లాజీ ఆ మాట తట్టుకోలేకపోయాడు. ముందుకొచ్చి సువానీ చేతిలోంచి మూట తీసుకున్నాడు.

"ఆ చెయ్యి నీది కాదమ్మా. సూది ఏసినప్పుడు దీన్ని గట్టిగా పట్టుకుంది నాను. తువ్వాలు ఇసరకుండా ఉన్నదీ నానే. కొట్టింది నువ్వు కాదు, నాను. కాపడం నానే పెట్టాల."

పోలమ్మ ఓడ మీంచి చూపు తిప్పి తమ్ముడి వంక అర్థం కానట్టు చూసింది. సువానీ దుబాసీ వైపు తిరిగి ఏమన్నాడన్నట్టు కళ్ళతోనే అడిగింది. విమల చూపు ధనుంజయరావు మీదికి వెళ్ళింది. ఆయన గొంతు పెంచకుండా, ఎంతో జాలిగా చెప్పాడు.

"క్షమించానంటున్నారని చెప్పమ్మా."

విమల చెప్పింది. చిన్న వాక్యమే. సువానీ ఒక్కసారిగా భోరుమని ఏడ్చి ఎల్లాజీ కాళ్ళ మీద పడిపోయింది. కెమెరాలు చిటచిటలాడాయి. తలుపు దగ్గర నిలబడ్డ కాత్యాయని మొహం తిప్పుకుంది.

ఎల్లాజీకి మెరావు భాష రాదు. కాదు అని చెప్పడానికి భాష అక్కర్లేదు. తల అడ్డంగా ఊపితే చాలు, ఆ పిల్లకి తెలిసేది. ఊపడానికే తలెత్తాడు. సరిగ్గా అప్పుడే రేవులో ఓడ కూత వేసింది. పోలమ్మ కిటికీ ఊచలు పట్టుకుని, అదిగోరా తమ్ముడా, పొగొత్తంది, కదల్తంది అంది. లోపలికొస్తోందా, వెళ్ళిపోతోందా అన్నది ఇక్కణ్ణుంచి తెలియడం లేదు.

ఎల్లాజీ తల కదపలేదు. వంగి సువానీని లేవదీశాడు. మూట తన మణికట్టుకి ఆనించి చూసుకున్నాడు. హోటలు నుంచి వచ్చేసరికే చల్లారిపోయింది. అయినా తీసుకెళ్ళి నూకరత్నం ఎడమ దవడ మీద పెట్టాడు. ఆ దవడ ఉబ్బి నల్లబడి ఉంది. దాని కనురెప్ప కూడా కదల్లేదు.

కెమెరావాళ్ళలో ఒకతను మొహమాటపడుతూ ధనుంజయరావు చెవిలో ఏదో చెప్పాడు. ధనుంజయరావు సువానీ చెయ్యి తీసుకుని ఎల్లాజీ చేతి మీద వేసి, ఇద్దరి చేతులూ కనబడాలిట, ఫొటో సరిగ్గా రాలేదుట, ఇంకొక్కసారి పెట్టండి ఎల్లాజీగారూ అన్నాడు.

ఎల్లాజీ మూట తీసి, ఇంకోసారి పెట్టాడు.